గోవాల పెద్ద హోటల్‌ డిన్నర్‌కు పోచంపల్లి పట్టా, నారాయణపేట కాటనా?

మాది నల్లగొండ, మా వదిన వాళ్లది నారాయణపేట, ఇగ గోవాకు సూట్‌కేస్ సర్దేటప్పుడు పంచాయితీ కాకుండ ఉంటదా. హోటలోళ్లు స్మార్ట్ క్యాజువల్ అన్నరు, అంటే నిక్కర్లు, హవాయి చెప్పులు వద్దని, మా ఆయనకు రెండుసార్లు చెప్పిన.

పోచంపల్లి ఇక్కత్ పట్టు సంగతేందంటే, నేసుడు కంటే ముందే దారానికి ముడులు కట్టి రంగు ముంచుతరు కదా, అందుకే డిజైన్ రెండు దిక్కులా కనవడ్తది, పూల అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటయి, రాత్రి డిమ్ము లైట్లల్ల ఆ చీర చూడాలె, మెడల సన్న గొలుసు చాలు. మడత పెట్టి తీస్కపోయినా పెద్దగ నలగది. కానీ సముద్రం పక్కన ఉక్కపోతకు వీపుకు అంటుకపోతది, ఒక్క చుక్క రొయ్యల పులుసు పడ్డదా, డ్రైక్లీనింగే.

నారాయణపేట కాటన్ అట్ల కాదు, చిన్న గళ్లు, నిండు రంగు అంచు, గాలి ఆడ్తది, మరక పడితే రూంలనే ఉతుక్కోవచ్చు. ఒక్కటే తిప్పలు, ఆ తేమకు గంజి మెత్తవడ్తది, ఇస్త్రీ చేయకపోతే డైరెక్ట్ బస్సు దిగొచ్చినట్టు ఉంటం.

ఏసీ హాల్ల అయితే నేను పోచంపల్లే అంట, ఇసుక మీద టేబుల్ అయితే నారాయణపేటే. మాకేమో బయట టేబుల్ ఇచ్చిన్రు, వదిన చేత్తోని పీత విరుసుకుంట తింటాంటే నేను ఒళ్లె న్యాప్కిన్ పరుసుకొని కొంగు కాపలా కాసిన.