సెన్సర్ లైట్ల పేరుతో మోసపోయాను, హన్మకొండలో రీడింగ్ రూమ్‌లు, హాస్టళ్లు నడిపేవాళ్లు జాగ్రత్త

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మా రీడింగ్ రూమ్‌లో 31 మంది అమ్మాయిలు చదువుకుంటుండగా లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఏసీలు నడుస్తున్నాయి. పైన పెట్టిన సెన్సర్లకు గదిలో మనుషులెవరూ కనిపించలేదు, అంతే. 31 మంది కూర్చుని ఉండగా! చీకట్లో అందరూ చేతులు పైకెత్తి ఊపారు. రెండు వరుసలు వెలిగాయి, మిగతా రెండు వెలగలేదు. బిగించి పన్నెండు రోజులైంది, ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం కూడా మానేశాను. 46,000 రూపాయలు ఇచ్చి మరీ తెచ్చుకున్న తిప్పలివి. కోపం మీదే రాస్తున్నాను, అటూఇటూ అయితే ఏమీ అనుకోకండి.

ఎవరి దగ్గర చేయించానో మన వైపు హాస్టళ్లు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. ‘ఆటోమేటిక్ లైటింగ్, కరెంటు బిల్లు సగం’ అని కరపత్రాలు పంచి, గ్రూపుల్లో వీడియోలు పెడుతుంటాడే, ఆయనే. పేరు రాయను. మాది నయీంనగర్‌లో మొదటి అంతస్తు, 42 సీట్లు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కి చదివే ఆడపిల్లలు. భూపాలపల్లి, ములుగు, పరకాల, నర్సంపేట నుంచి వచ్చి చుట్టుపక్కల గదుల్లో ఉంటారు. పొద్దున ఆరింటికి వస్తే రాత్రి పదకొండు దాకా ఇక్కడే. మే నెల బిల్లు 14,000 దాటేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. సరిగ్గా ఆ వారమే ఆయన మెట్లెక్కి వచ్చాడు.

రెండు రకాల సెన్సర్లు పెడతానన్నాడు. ఒకటి మనిషి ఉంటేనే లైటు వెలిగించేది, ఇంకోటి కిటికీలోంచి వచ్చే వెలుతురును బట్టి లైటును తగ్గించేది. మనిషిని పట్టే సెన్సర్లు ‘డ్యూయల్ టెక్నాలజీ’వి, కదలకుండా కూర్చున్నా పసిగడతాయి అన్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగింది ఆ ఒక్క మాటే. ఎందుకంటే మా పిల్లలు కదలరు. గంటలకు గంటలు తల వంచుకుని చదువుతారు. పైగా ఒక్కొక్కరికి మూడు వైపులా ప్లైవుడ్ చెక్కలున్న క్యాబిన్. ‘మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి, ఊపిరి తీసినా తెలుస్తది’ అన్నాడు. 30,000 అప్పటికప్పుడే ఫోన్‌లో కొట్టేశాను. బిగించిన రోజు మిగతా 16,000 ఇచ్చాను. పక్కా బిల్లు అడిగితే జీఎస్టీ 18 శాతం పైన పడుతుందన్నాడు, ఊరుకున్నాను. అక్కడ ఊరుకోవడం పూర్తిగా నా తప్పు.

మొదటి రోజు మధ్యాహ్నమే గొడవ మొదలైంది. మా హాలుకు పడమర వైపు మాత్రమే కిటికీలున్నాయి. రెండు దాటితే కిటికీ పక్క బల్లల మీద ఎండ కొడుతుంది. వెలుతురు సెన్సర్‌ను సరిగ్గా ఆ కిటికీ దగ్గరే బిగించి, నాలుగు వరుసల లైట్లనూ దానికే కలిపాడు. కిటికీ దగ్గర వెలుతురు రాగానే లోపలి గోడ పక్క వరుస లైట్లు కూడా ఆరిపోయాయి. హాలు లోతు 36 అడుగులు, కిటికీ పైఅంచు ఏడడుగుల ఎత్తులో ఉంది. బయటి వెలుతురు ఆ ఎత్తుకు ఒకటిన్నర, రెండింతల దూరం వరకే చదువుకోవడానికి పనికొస్తుంది. అంటే మా హాల్లో పది, పద్నాలుగు అడుగులు. ఆ తర్వాత చీకటే. ఏ వరుసకు ఆ వరుస విడిగా వైరింగ్ చేయకుండా ఇలాంటి సెన్సర్ పెట్టనే కూడదట. ఈ సంగతి నాకు డబ్బు పోయాక తెలిసింది.

ఫోన్ చేస్తే ఒక అబ్బాయిని పంపాడు. ఆ అబ్బాయి సెన్సర్ ఊడదీసి హాలు మధ్యలో, రెండు ట్యూబులైట్ల నడుమ బిగించి పోయాడు. ఆ సాయంత్రం ఆరు నుంచి అసలు నరకం. బయట వెలుతురు తగ్గగానే లైట్లు వెలిగాయి. ఆ లైట్ల వెలుగే సెన్సర్ మీద పడింది. అదేమో బాగా వెలుతురుందనుకుని లైట్లు ఆర్పేసింది. ఆరగానే చీకటి, మళ్లీ వెలగడం. అరగంట సేపు వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. ఒక అమ్మాయి కళ్లు మూసుకుని, దుపట్టా మొహానికి కప్పుకుని బల్ల మీద తల పెట్టేసింది. నేను మెయిన్ దగ్గరకు పరుగెత్తి లైట్ల స్విచ్చే తీసేశాను. ఆ పూట పిల్లలు సెల్‌ఫోన్ టార్చి పెట్టుకుని చదివారు. ఫీజులు కట్టిన పిల్లలు!

మర్నాడు నేనే దుకాణానికి వెళ్లాను. ఇక్కడ జరిగిందే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

కౌంటర్ ముందు నలుగురైదుగురు ఉన్నారు. నేను మర్యాదగానే చెప్పాను, ‘అన్నా, పిల్లలు కూర్చుని ఉండగానే లైట్లు పోతున్నయి, ఒక్కసారి మీరే వచ్చి చూడండి’ అని. ఆయన తల కూడా ఎత్తలేదు. ఫోన్ చూసుకుంటూనే, ‘సెన్సర్ల ఏం తప్పు లేదు మేడం. మీ పిల్లలే బొమ్మల లెక్క కూసుంటున్నరు. నడుమ నడుమ జర చేతులు ఊపుమనుండ్రి’ అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఊపిరి తీసినా తెలుస్తుందన్నారు కదా అన్నాను. ‘అట్ల ఎవరన్నరు? ఏడన్న రాసిచ్చిన్నా?’ అన్నాడు.

ఏడన్న రాసిచ్చిన్నా. నా సంచిలో ఉన్న కొటేషన్ చీటీ తీసి చూశాను. అందులో ‘సెన్సర్ 7’ అని ఉంది. కంపెనీ పేరు లేదు, మోడల్ నంబర్ లేదు, డ్యూయల్ అన్న మాట లేదు. చేతిలో ఆ చీటీ పట్టుకుని అంతమంది ముందు నిలబడ్డాను, నోటమాట రాలేదు. మా ఆయన పోయాక ఆ రీడింగ్ రూమ్ మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. ఎవరి దగ్గరా ఒక్క మాట పడలేదు. ఆ రోజు పడ్డాను.

ఇంటికొచ్చి కాజీపేట బాబాయ్‌కి ఫోన్ చేశాను. మా నాన్న స్నేహితుడు, రైల్వేలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు. సాయంత్రం బస్సెక్కి వచ్చారు, టీ కూడా తాగకుండా నిచ్చెన అడిగారు. తర్వాత గోడ మీది ఫోటో ఫ్రేములోంచి అద్దం ఊడదీయమన్నారు. నాకేమీ అర్థం కాలేదు. సెన్సర్ పక్కన చిన్న చిన్న మీటలు మూడు ఉంటాయి. ఒకటి కదలిక ఆగాక లైటు ఎంతసేపు వెలగాలో ఆ సమయానికి, ఒకటి ఎంత దూరం దాకా చూడాలో దానికి, ఇంకోదాని మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు ఉంటాయి, అది వెలుతురుకు. సమయం మీటను స్క్రూడ్రైవర్‌తో బాగా తగ్గించి, లైటు వెలిగాక ఆ అద్దాన్ని సెన్సర్ గుండుకు అడ్డంగా పట్టుకున్నారు. ‘ఇగ కింద నిలబడి చేతులు ఊపు బిడ్డా’ అన్నారు. ఊపాను. భుజాలు నొప్పి పుట్టేదాకా ఊపాను. నేను ఊపుతుండగానే లైటు ఆరిపోయింది.

అప్పుడు చెప్పారు. మామూలు పీఐఆర్ సెన్సర్ మన ఒంటి వేడిని చూస్తుంది. ఆ వేడి ఒకచోటు నుంచి ఇంకోచోటుకు కదిలితేనే దానికి తెలుస్తుంది. కదలని మనిషి దానికి లేనట్టే. చెక్క అడ్డమున్నా, అద్దం అడ్డమున్నా చూడలేదు. డ్యూయల్ అంటే ఆ పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్‌ లాంటి ఇంకో రకం సెన్సర్ కూడా లోపల ఉండాలి. మైక్రోవేవ్‌కి పల్చటి అద్దం అడ్డం కాదు. అదే గనక లోపల ఉంటే, నేను చేతులు ఊపుతున్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉండాలి. తర్వాత మూత తీసి చూపించారు. తేనెపట్టులా గీతలున్న తెల్ల ప్లాస్టిక్ గుండు, దాని కింద చొక్కా గుండీ అంత రేకు డబ్బీ ఒకటి, అదే పీఐఆర్. ఇంకేమీ లేదు. ఏడింటిలోనూ అంతే. బయట నాలుగైదు వందలకు దొరికేదాన్ని ఒక్కొక్కటి 3,500 చొప్పున నాకు అంటగట్టాడు.

‘డిమ్మింగ్’ సంగతీ అంతే. వెలుతురును బట్టి లైటు మెల్లమెల్లగా తగ్గాలంటే ట్యూబు లోపలి డ్రైవర్, అంటే దానికి కరెంటు అందించే భాగం, అందుకు తగ్గది ఉండాలట. మా ట్యూబుల్లో ఉన్నవి మామూలువి, వాటికి వెలగడం, ఆరడం తప్ప రాదు. ఒక్క ట్యూబు కూడా మార్చకుండా డిమ్మింగ్ అని 6,500 వేశాడు. బాబాయ్ పక్కింటి ఇంజనీరు దగ్గర వెలుతురు కొలిచే లక్స్ మీటర్ కూడా తెచ్చారు. మర్నాడు మధ్యాహ్నం లైట్లు ఆర్పి చూస్తే కిటికీ పక్క బల్ల మీద 700 చూపించింది, లోపలి వరుసలో 60. చదువుకునే బల్ల మీద ఒక 300 అయినా ఉండాలన్నారు.

ఆ తర్వాత బాబాయ్ కాగితం, పెన్ను తీసుకుని ఇంకో లెక్క వేశారు. ఆ లెక్క నేను ముందే వేసుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదు. 24 ట్యూబులు, ఒక్కోటి 20 వాట్లు, మొత్తం 480 వాట్లు. రోజుకు 17 గంటలు వెలిగినా ఎనిమిది యూనిట్ల పైచిలుకు. నెలకు 245 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 2,450. అంటే లైట్లన్నీ నెలంతా ఆర్పేసినా నాకు మిగిలేది రెండున్నర వేలు కూడా లేదు. 14,000 బిల్లు సగం ఎలా అవుతుంది? మిగతాదంతా ఏసీలది. అదీగాక మనిషి లేని చోట లైటు ఆర్పితేనే కదా సెన్సర్ వల్ల లాభం. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా మా హాలు ఖాళీగా ఉండేదే లేదు. ఇంటర్ దాకా చదువుకున్నాను, ఆ మాత్రం కూడికలు, గుణకారాలు నాకూ వచ్చు. బిల్లు చూసిన భయంలో బుర్ర పనిచేయలేదు.

మెట్ల దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. మెట్ల పైన గోడకు ఒక సెన్సర్ పెట్టాడు. కింది నుంచి ఎక్కేవాళ్లు నేరుగా దానికి ఎదురుగా వస్తారు. ఈ సెన్సర్ అడ్డంగా నడిచేవాళ్లను పట్టినంత బాగా ఎదురొచ్చేవాళ్లను పట్టదట. సగం మెట్లు ఎక్కాకగానీ లైటు రాలేదు. ములుగు నుంచి వచ్చిన పాప ఫ్లాస్కుతో ఎక్కుతూ జారింది, మోకాలు కొట్టుకుపోయింది. దేవుడి దయ, అంతటితో పోయింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి ‘ఏమ్మా, లైటు కూడా పెట్టలేవా’ అంటే నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు పిల్లలు ఇప్పటికే వేరే రీడింగ్ రూమ్‌కి మారిపోయారు, ఫీజు తిరిగి ఇచ్చేశాను. వాళ్ల తప్పేమీ లేదు.

ఈ రోజు పొద్దున బాబాయ్ హాల్లో సెన్సర్లన్నీ తీసేసి మామూలు స్విచ్‌లు పెట్టారు. మెట్ల మీద రాత్రంతా ఒక లైటు వెలిగేలా చేశారు. బాత్రూముల్లో మాత్రం సెన్సర్లు ఉంచారు, అక్కడ అవి బాగానే పనిచేస్తున్నాయి. అంటే సెన్సర్లు చెడ్డవని కాదు. బాత్రూములు, వరండా, స్టోర్ రూమ్ లాంటి చోట్ల పెట్టుకోవచ్చు. మనుషులు కదలకుండా కూర్చునే చోట, అదీ క్యాబిన్లున్న చోట, ఒట్టి పీఐఆర్ అసలు పెట్టించుకోకండి.

తప్పదనుకుని చేయించుకుంటే కంపెనీ, మోడల్ నంబర్ కొటేషన్‌లో రాయించుకోండి. పక్కా బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఒక్క వరుసకు బిగించి వారం రోజులు నడిపి చూశాకే మిగతావాటికి సరేననండి. ఫోటో ఫ్రేము అద్దం పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ‘మీది వ్యాపారం, కన్స్యూమర్ కేసు నడవదు’ అని ఆ దుకాణం ఆయన ఫోన్‌లో బెదిరించాడు. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం కొన్నవాళ్లు కూడా 2019 చట్టం ప్రకారం వినియోగదారులే. ఐదు లక్షల లోపు కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను. డబ్బు పంపిన రసీదు, కొటేషన్ చీటీ, విప్పిన సెన్సర్ల ఫోటోలు, లైట్లు ఆరి వెలుగుతున్న వీడియో అన్నీ ఉన్నాయి.

మా వీధిలోనే ఇంకో రెండు హాస్టళ్ల వాళ్లు ఆయనకు అడ్వాన్స్ ఇచ్చారని పొద్దున తెలిసింది. అక్కా, అన్నా, మీరెవరైనా ఇది చదువుతుంటే బ్యాలెన్స్ ఇంకా ఇవ్వకండి. ఆ డబ్బాలు మీ దగ్గరకు చేరి ఉంటే బిగించకముందే ఒకటి మా ఇంటికి పట్టుకురండి. బాబాయ్ ఆదివారం దాకా ఇక్కడే ఉంటారు, విప్పి చూపిస్తారు.