కార్డు మోసం జరిగితే అంగడివాళ్ళు ముందు ఎక్కడికి పోవాలి: 1930కా, స్టేషన్‌కా, బ్యాంకుకా?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మాది చిన్న సెల్‌ఫోన్ అంగడి. పోయినేడాది ఒక పిల్లోడు వచ్చి 38 వేల ఫోన్ చూసుకున్నాడు. "అమెరికాలో మా అన్న ఉన్నాడు, లింక్ పంపన్నా, ఆయనే కడతాడు" అన్నాడు. కార్డుతో కట్టే పేమెంట్ లింక్ పంపాం, రెండు నిమిషాల్లో డబ్బు పడింది, పెట్టె చేతికిచ్చేశాం. మూడు వారాల తర్వాత బ్యాంకు నుంచి మెయిల్: కార్డు అసలు ఓనర్ ఆ కొనుగోలు తనది కాదన్నాడు, చార్జ్‌బ్యాక్ పడింది, అంటే మాకు పడిన డబ్బును బ్యాంకు వెనక్కి తీసుకుంది. ఫోనూ పోయింది, డబ్బూ పోయింది.

టెన్షన్‌లో మా తమ్ముడు ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. "మీ డబ్బు ఏ అకౌంట్‌కి పోయింది?" అని అడిగారు. చెప్పడానికి ఏమీ లేదు. డబ్బు దొంగ అకౌంట్‌కి పోలేదు, బ్యాంకే వెనక్కి తీసుకుంది. దొంగ ఎత్తుకుపోయింది సరుకు. 1930 బలమంతా చేతులు మారుతున్న డబ్బును మధ్యలో ఆపడంలో ఉంది. కార్డుతో ఎక్కువ కట్టి, "మిగిలింది ఈ నంబర్‌కి ఫోన్‌పే చెయ్యన్నా" అంటారు చూడండి, అలా మీరు పంపి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కే చేయాలి. అసలు రీఫండ్ అంటూ ఇస్తే కట్టిన కార్డుకే ఇవ్వాలి.

స్టేషన్ దొంగను పట్టుకోవడానికి. మనిషి ఎదురుగా వచ్చాడు కాబట్టి సీసీటీవీ, ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబర్) పోలీసులకు పనికొస్తాయి. మోసానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318, ఆన్‌లైన్‌లో వేరేవాళ్ళ పేరుతో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించవచ్చు. కానీ ఎఫ్ఐఆర్ రాసినంత మాత్రాన చార్జ్‌బ్యాక్ ఆగదు.

డబ్బు తేలేది బ్యాంకు దగ్గరే. మెయిల్‌లో గడువు తేదీ ఉంటుంది. ఆ లోపల బిల్లు, చాటింగ్, సరుకు తీసుకున్నవాళ్ళ సంతకం పంపాలి. మేము ఆ తేదీ సరిగా చూడకుండా స్టేషన్ చుట్టూ తిరిగాం. మా జవాబు గడువు దాటాక పోయింది, బ్యాంకు కేసు మూసేసింది. అందుకే చెప్తున్నా: ముందు బ్యాంకుకు జవాబు, అదే రోజు స్టేషన్.

బాధ్యత ఎవరిదనేది డబ్బు ఎలా కట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది. మిషన్‌లో చిప్ పెట్టి పిన్ కొడితే, లేదా లింక్‌లో ఓటీపీ అడిగితే, మోసం జరిగినా నష్టం మామూలుగా కార్డిచ్చిన బ్యాంకు వైపు పోతుంది. విదేశీ కార్డుకు ఓటీపీ అడగకుండానే పేమెంట్ దాటిపోవచ్చు. అప్పుడు భారం మన మీదే. మా విషయంలో జరిగింది ఇదే. మన దేశపు బ్యాంకుల కార్డులకైతే, తన తప్పు లేని కార్డుదారుడు 3 పనిదినాల్లో చెబితే అతనికి నష్టం సున్నా అని రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్‌లో పెట్టింది. అది కొనేవాళ్ళకు న్యాయమే. అమ్మేవాళ్ళకు మాత్రం అందులో అలాంటి రక్షణ లేదు. చిన్న అంగడికి 38 వేలంటే ఒక నెల బాడుగ, ఒక పిల్లోడి జీతం. ఇది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఎవరి అన్న ఎక్కడున్నా సరే, మిషన్‌లో కార్డు పెట్టి పిన్ కొడితేనే ఫోన్ ఇస్తున్నాం. 'పిన్ వెరిఫైడ్ ఓకే' అని వచ్చిన స్లిప్పును అప్పుడే ఫోటో తీసి పెడుతున్నాం. ఎందుకంటే ఆ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి.