క్రాంజిలో మా చిన్నజేజినాయన పేరు

ఏటా పెద్దల అమావాస్యకు మా ఇంట్లో ఒక పేచీ ఉంటుంది. పట్టాళంలో చేరి సింగపూర్ పోయి, 1942 తర్వాత జాబే రాని మా జేజినాయన తమ్ముడికి విస్తరి వేయాలా వద్దా అని. "పోయినాడని ఎవరు చూసినారు?" అని మా జేజి బతికున్నంత కాలం వేయనివ్వలేదు. ఆ సంగతేందో తేల్చుకుందామనే కడప నుంచి నేను సింగపూర్‌లోని క్రాంజి యుద్ధ సమాధుల తోటకు పోయొచ్చాను.

సగం పని ఇంట్లోనే అయింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఏమీ రాలేదు. మన పేర్లను దొరలు చెవికి తోచినట్టు రాసుకున్నారు మరి. చివరికి అదనపు సమాచారం అనే గడిలో బ్రిటిష్ కాలపు స్పెల్లింగ్‌తో కడప అని కొట్టి, ఒక్కో పేరూ చూసుకుంటూ పోతే దొరికాడు. తండ్రి పేరు, ఊరి పేరు రెండూ కలిశాయి.

వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీ వేరే. దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు మాత్రం పూర్తిగా ఉచితం. దానికి కూడా మా ఏజెంటు 500 గుంజాడు. మీరు మోసపోవద్దు. కడప నుంచి చెన్నైకి రైల్లో పోయి రాత్రి విమానం ఎక్కాను.

మొదటి రాత్రి లిటిల్ ఇండియాలో మంచానికింత అని తీసుకునే హాస్టల్లో పడుకున్నా. చవకే, కానీ పై మంచం ఆయన గురక, ఏసీ చలి కలిసి నిద్ర పోనివ్వలేదు. మరుసటి రోజు ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర చిన్న హోటల్‌కు మారాను. సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోనంత గది. అయినా మెట్రో పక్కనే, ఇడ్లీ పక్కనే. కోమల విలాస్‌లో దోసె బాగుంది, కారం మాత్రం మన కడప నాలుకకు చాలదు. బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన రెండు రోజులకు, 1942 ఫిబ్రవరి 17న, సుమారు 45 వేల మంది భారత సైనికులను జపాన్‌కు అప్పగించింది ఆ ఫారర్ పార్క్ మైదానంలోనే. ఆ సంగతి గది తీసుకున్నాక తెలిసింది.

క్రాంజికి పర్పుల్ లైన్‌లో ధోబీ ఘాట్ దాకా పోయి, అక్కడ రెడ్ లైన్ ఎక్కాలి. గంట దాకా పడుతుంది. స్టేషన్ నుంచి పావుగంట నడక, ఎండకు గొడుగు లేకుండా పోవద్దు. లోపలికి టికెట్ లేదు. గుట్ట వాలు మీద పచ్చగడ్డి, తెల్లరాళ్ల వరుసలు. 4,400 మందికి పైగా ఇక్కడ ఉన్నారు, వాళ్లలో 850 మందికి పైగా పేరైనా తెలియనివాళ్లు.

తప్పు నేను చేశాను. మా వాడి వివరాల్లో సింగపూర్ మెమోరియల్ అని, కాలమ్ నంబరు అని ఉంది. దాన్ని సమాధి నంబరనుకుని గంటసేపు రాళ్ల మధ్య తిరిగాను. సమాధికైతే ప్లాట్, వరుస, నంబరు ఇస్తారు. మెమోరియల్ అని ఉందంటే సమాధి లేదని అర్థం. ఆ మెమోరియల్ అంటే గుట్ట మీద విమానం తోకలా లేచిన కట్టడం. దాని కింద 12 పెద్ద గోడలున్నాయి, కాలమ్‌లంటే అవే. వాటి మీద 24 వేలకు పైగా పేర్లు. దాని వెనకే ఇంకో చిన్న స్మారకం ఉంది. మతాచారం ప్రకారం దహనం చేసిన దాదాపు 800 మందిది, ఎక్కువ మంది మనవాళ్లే. మన హిందూ ఇళ్ల నుంచి పోయేవాళ్లు సమాధి దొరుకుతుందని కాక, ఏదో ఒక గోడ మీద పేరు దొరుకుతుందని పోవాలి.

పేర్లు దళం వారీగా, హోదా వారీగా, తర్వాత ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటాయి. మా చిన్నజేజినాయన పేరు నా తలకంటే చాలా ఎత్తున ఉంది. నాయనకు వీడియో కాల్ చేశాను.

"ఏందిరా, సమాధి లేదా?"

"లేదు నాయనా. పేరుంది."

"తేదీ ఉందా?"

"గోడమీద లేదు. వెబ్‌సైట్‌లో ఫిబ్రవరి 15 అని ఉంది, లొంగిపోయిన రోజు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. కర్మలు దక్కనివాళ్ల పేర్లు ఇవి అనే అర్థం వచ్చే మాట ఒకటి అక్కడ చెక్కి ఉంది. అది చదివి వినిపిద్దామనుకున్నా, గొంతు సహకరించలేదు.

ప్రొద్దుటూరు మిత్రుడి ముత్తాతకు మాత్రం సమాధి ఉంది. ఎండ రాయి వెనకనుంచి పడుతుండడంతో ఫోటోలో అక్షరాలు కనిపించలేదు. టిఫిన్ డబ్బా స్టీలు మూత పక్కకు పట్టి వెలుగు ఏటవాలుగా కొట్టిస్తే ఒక్కో అక్షరం లేచి నిలబడింది. సుద్దముక్క రుద్దితే కనిపిస్తాయని కొందరంటారు, రాయి పాడవుతుంది, వద్దు. రాయి ఒక్కటే దగ్గరగా ఒకటి, వరుసంతా వచ్చేలా ఒకటి, గేటు దగ్గర నుంచి ఒకటి తీయండి. ఇంట్లో వాళ్లు ఎక్కువసేపు చూసేది ఆ రెండోదే.

మర్నాడు లొంగుబాటు సంతకాలు జరిగిన పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ మ్యూజియం చూశాను. టైముంటే తప్పక పోండి.

ఇంటికొచ్చేసరికి నాయన పాత పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. 1942 ఫిబ్రవరి 15, ఆదివారం, విషు నామ సంవత్సరం. వేలు తిథి మీద పెట్టి నాకు చూపించాడు. మాఘ అమావాస్య.