స్ప్లెండర్ ప్లస్ బీఎస్6: నంద్యాల చుట్టుపక్కల లక్ష కిలోమీటర్లు తిప్పినాక

నాది విత్తనాల కంపెనీలో ఫీల్డు పని. ఉండేది నంద్యాల. పొద్దున బండి తీస్తే కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, చాగలమర్రి... ఊర్లోకి పోయి వచ్చేస్తే సరిపోదు, రైతు చేను చూపిస్తా రా సార్ అంటే గట్ల మీద, బండ్లబాట మీద గూడా పోవాల. పొగ తగ్గించే బీఎస్6 రూలు వచ్చిన 2020లోనే స్ప్లెండర్ ప్లస్ తీసుకున్నా, అల్లాయ్ వీల్స్, సెల్ఫ్ స్టార్ట్ ఉండేది. మీటర్ లక్ష దాటింది. రివ్యూలన్నీ షోరూం నుంచి తెచ్చిన వారానికే రాసేస్తాన్నారు, లక్ష తిరిగినాక బండి ఎట్లుంటాదో, దాన్ని ఎట్ల చూసుకోవాల్నో రాసేవాళ్లు తక్కువ, అందుకే ఇది.

ఇంజిన్ గురించి ముందే చెప్పేస్తా, ఎందుకంటే పెద్దగా చెప్పడానికి ఏం లేదు. 97.2 సీసీ, ఎనిమిది హెచ్‌పీ, నాలుగు గేర్లు. 1994లో హీరో హోండా ఉన్నప్పుడు వచ్చిన బండి, కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది గానీ గుణం మాత్రం అదే. మూడు వేలకోసారి 10డబ్ల్యూ30 ఆయిల్ మారుస్తా, ఒక లీటర్ డబ్బా సరిపోతాది. మట్టిరోడ్లలో తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్ మాత్రం మాన్యువల్‌లో రాసినదానికంటే ముందే మార్చుకోండి, మా దుమ్ము అట్లాంటిది. యాభై దగ్గర పెట్టుకోని పోతే మైలేజీ అరవైకి తగ్గదు. ఎనభై మీద లాగాలనుకుంటే ఇది ఆ పనికి చేసిన బండి కాదు, కర్నూలు హైవే ఎక్కితే ఎడమ పక్కన మన స్పీడ్‌లో మనం పోవడమే. ఒకటి గుర్తు పెట్టుకోవాల, పాత స్ప్లెండర్లో పెట్రోల్ అయిపోతే రిజర్వ్ తిప్పుకోని బంకు దాకా పోయేవాళ్లం, దీంట్లో ఆ నాబ్ లేదు. పైగా ఇంజెక్షన్ పంపు ట్యాంకులో పెట్రోల్లోనే మునిగి ఉంటాది, ఆ పెట్రోలే దాన్ని చల్లగా ఉంచేది, కాబట్టి ముల్లు ఎర్రలోకి దిగినాక గూడా లాగిద్దాంలే అనుకోవద్దు.

ఐత్రీఎస్ ఉంది గదా, న్యూట్రల్లో ఆగితే ఇంజిన్ దానంతట అదే ఆగిపోయి క్లచ్ పట్టగానే స్టార్ట్ అయ్యేది, అది రైల్వే గేటు దగ్గర బాగుంటాది, ఊర్లలో నేను ఆఫ్‌లోనే పెడతా. అంతే దాని సంగతి.

ఇప్పుడు అసలు మాట. ఈ బండి గురించి యాడ చూసినా ఇంజిన్ గురించే మాట్లాడతారు. నేను చూసినంతవరకు ఈ బండికి డబ్బులు ఖర్చయ్యేదీ, మనిషి క్షేమంగా ఇంటికి రావాల్నా వద్దా తేల్చేదీ ఇంజిన్ కాదు. చైన్, బ్రేకులు, టైర్లు, లైటు. వీటిని చూసుకునేవాడికి లక్ష అనేది లెక్కే కాదు.

చైన్‌తో మొదలుపెడతా. స్ప్లెండర్‌కు చైన్ మొత్తం కవర్ లోపల ఉంటాది, అది మంచిదే, దుమ్ము తక్కువ పడతాది, చీరె కొంగులు పడవు, కానీ కంటికి కనపడదు కాబట్టి జనం మర్చిపోతారు. కవర్‌కు ఒక రబ్బరు మూత ఉంటాది, అది పీకి వేలు పెట్టి చైన్‌ను పైకీ కిందికీ ఆడించి చూడాల, రెండు రెండున్నర సెంటీమీటర్లు ఆడితే కరెక్ట్. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతా నాలుగైదు చోట్ల చూడాల, ఎందుకంటే చైన్ అంతా ఒకే లెక్కన సాగదు, ఒకచోట లూజ్ ఉంటే ఇంకోచోట బిర్రుగా ఉంటాది, బిర్రుగా ఉన్న చోటు చూసి సెట్ చేసుకోవాల.

పోయిన వానాకాలం ఒక ఊరి సెంటర్లో చైన్ శబ్దం వస్తాందని మెకానిక్ దగ్గర ఆపినా. ఆయప్ప బండి సెంటర్ స్టాండ్ వేసి, రెండు పక్కలా నట్లు తిప్పి, "ఇంక ఆర్నెల్లు దీని జోలికి రావాల్సిన పన్లేదు సార్" అని చేతులు తుడుచుకున్నాడు. స్టాండ్ దించి పక్కన పిల్లోణ్ణి సీటు మీద కూర్చోబెట్టి మూత తీసి వేలు పెడితే చైన్ కదిలితే ఒట్టు. మనిషి ఎక్కితే షాకబ్జర్లు కిందికి దిగుతాయి, అప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటాది, అట్లనే గుంతల్లో పోతే వెనక చక్రం బేరింగ్లు, లోపల గేర్‌బాక్స్ షాఫ్ట్ అన్నీ దెబ్బ తింటాయి. "అన్నా లూజ్ చెయ్యి" అంటే నా వంక అదోలా చూసినాడు గానీ చేసినాడు. ఇంకోటి, చైన్ లాగితే చక్రం వెనక్కి జరుగుతాది గదా, వెనక బ్రేకు రాడ్ సెట్టింగ్ గూడా మారిపోతాది. చాలామంది మెకానిక్‌లు అది చూడరు, మనమే పెడల్ తొక్కి చూసుకోవాల, ఆ తర్వాత బ్రేకు లైటు సరిగ్గా పెడల్ పట్టుకునే టైంకే వెలుగుతాందా లేదా అనేది గూడా. బ్రేకు లైటు లేటుగా వెలిగితే వెనకాల లారీవాడికి మనం ఆగుతాన్నట్టు తెలిసేది లేటు.

నూనె విషయానికొస్తే, స్ప్రే డబ్బాలు కొనేవాళ్లు కొనుక్కోండి, నేను 90 నంబర్ గేర్ ఆయిలే వాడతా. బురదలో తిరిగి వచ్చినాక కవర్ ఇప్పించి కిరోసిన్ దొరక్కపోతే డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగి, ఆరినాక పూయాల. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గేర్లో చక్రం తిరగతాంటే చైన్‌కు గుడ్డ పట్టుకునేవాళ్లను చూస్తాంటా, దయచేసి అది చేయొద్దు, గుడ్డతో పాటు వేళ్లు గూడా స్ప్రాకెట్‌లోకి, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రంలోకి పోతాయి. చేత్తో తిప్పుకుంటే పోయేదేముంది, రెండు నిమిషాలు.

ఇంక మా నల్లరేగడి. కోస్తా వాళ్లకు, హైదరాబాద్ వాళ్లకు ఇది చెప్తే నమ్మరు. వాన పడినాక చేన్ల దారిలో ఒక వంద మీటర్లు పోతే చాలు, మట్టి టైరుకు చుట్టుకోని మడ్‌గార్డ్ కింద ఇరుక్కుంటాది, ఇంకో యాభై మీటర్లకు ముందు చక్రం తిరగడమే మానేస్తాది. అప్పుడు రేజ్ చేసి లాగితే క్లచ్ ప్లేట్లు కాలే వాసన వస్తాది అంతే, బండి కదలదు. డిక్కీలో ఒక పాత కొడవలి ముక్క పెట్టుకుంటా, మడ్‌గార్డ్ సందులోంచి పెట్టి మట్టి గీకి, గడ్డి ఉన్న పక్కకు తోసుకోని, గడ్డి మీద నడిపిస్తే మిగిలింది రాలిపోతాది. స్ప్లెండర్ 112 కేజీలే కాబట్టి ఒక్కడే తోసుకోగలడు, ఇక్కడే ఈ బండి విలువ తెలుస్తాది, బుల్లెట్ వేసుకోని వచ్చిన మా ఏరియా మేనేజర్‌ను నలుగురు రైతులు కలిసి బయటికి తీసినారు ఒకసారి.

బ్రేకులు రెండు పక్కలా డ్రమ్ములే. వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు గూడా కొంచెం పట్టేటట్టు ఐబీఎస్ ఇచ్చినారు, మామూలు రోడ్డు మీద అది మంచిదే, ముందు బ్రేకు వాడడం అలవాటు లేనివాళ్లను కాపాడతాది. కుందూ నది పొంగినప్పుడో, వంకలు పారేటప్పుడో చప్టాల మీద నీళ్లలో దిగి పోయినాక డ్రమ్ముల్లోకి నీళ్లు పోయి బ్రేకు పట్టదు. ఇది ఏ డ్రమ్ము బండికైనా ఉండేదే. గట్టున పడినాక కొంత దూరం పెడల్ మీద కాలు లైట్‌గా ఆనించి నెమ్మదిగా పోతే వేడికి ఆరిపోయి మళ్ళా పడతాయి, ఆ తర్వాతే స్పీడ్ అందుకోవాల. నీళ్లు ముందు చక్రం సగానికి పైన ఉంటే నేను దిగను, ఎవరేం నవ్వినా సరే, వెనక్కి తిప్పుకోని పోతా. వెనక డ్రమ్ము మీద చిన్న బాణం గుర్తు ఉంటాది, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు ఆ బాణం రెండో గుర్తును తాకితే లోపల బ్రేకు షూస్ అరిగిపోయినట్టు. దానికోసం మెకానిక్‌ను అడగాల్సిన పని గూడా లేదు.

టైర్లు ట్యూబ్‌లెస్. తుమ్మముళ్లు ఉండే దారుల్లో తిరిగేవాళ్లకు దీనికంటే వరం లేదు, ముల్లు దిగినా గాలి నెమ్మదిగా పోతాది, ఊరు చేరొచ్చు. ముల్లు కనపడగానే అక్కడే పీకేయొద్దు, పంచర్ షాపు దగ్గరికి పోయినాక పీకండి. గాలి ముందు 25, వెనక 28 పెడతా, వెనక మనిషిని ఎక్కించుకునే రోజు వెనకది మాన్యువల్‌లో రాసినంత పెంచుతా, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే. బంకులో అడక్కుండా 40 కొట్టేస్తారు రెండిటికీ, చూసుకోండి. టైరు కొనేటప్పుడు పక్కన నాలుగు అంకెలు చదవండి, 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైంది అని అర్థం. ఒక షాపులో "కొత్త స్టాక్ సార్" అని చూపించినదాని మీద అంకెలు చదివితే అది మూడేళ్ల నాటిది, రబ్బరు గట్టిపడిపోయి ఉంటాది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

మా దిక్కు రోడ్ల మీద అసలు భయం లారీలు కాదు, పంట. కోతల టైంలో కొర్ర, కంది, ఉలవ కోసి తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతాదని. రైతు బాధ నాకు తెలుసు, కల్లాలు లేవు, కూలీలు దొరకరు, నేనేమీ అనను. కానీ దాని మీద టూవీలర్ ఎక్కితే ఇసుక కంటే ఘోరం. ముందే గేర్ దించి, స్పీడ్ తగ్గించుకోని, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా దాటాల. ఐబీఎస్ ఉన్న బండిలో వెనక పెడల్ తొక్కినా ముందు చక్రం గూడా పట్టుకుంటాది కాబట్టి ఇంకా జాగ్రత్త. కంది కట్టె వెనక యాక్సిల్‌కు చుట్టుకుంటాది, దాటినాక ఒకసారి ఆగి చూసుకోండి.

పొద్దుగూకినాక ఇంకో కథ. జొన్నలు, మొక్కజొన్నలు, వడ్లు ఆరబోసి రాత్రికి కుప్ప చేసి నల్లపట్ట కప్పి చుట్టూ రాళ్లు పెట్టి పోతారు. నల్ల రోడ్డు, నల్ల పట్ట, లైటు పడినా తిరిగి వెలుగు రాదు, రాళ్లు చివరి నిమిషం దాకా కనపడవు. ఎదురుగా ఎవడో హైబీమ్ వేసుకోని వస్తే ఆ రెండు సెకన్లు మనం గుడ్డివాళ్లమే, సరిగ్గా ఆ రెండు సెకన్లలోనే కుప్ప ఉంటాది. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు సరేసరి. 35 వాట్ల హాలోజెన్ లైటుకు ఎంత దూరం కనపడతాదో అంత దూరంలో ఆగగలిగే స్పీడే రాత్రి స్పీడ్, నాకు అది నలభై. తెల్ల ఎల్ఈడీలు బిగించుకుంటే బాగా కనపడతాది గదా అంటారు, మనకు కనపడతాది, ఎదుటివాడికి కళ్లు పోతాయి, వాడొచ్చి మన మీదే పడతాడు. లైటు అద్దం తుడుచుకోని, బీమ్ ఎత్తు సరి చేయించుకుంటే సగం సమస్య తీరుతాది.

హెల్మెట్ గురించి రాస్తే బోర్ అంటారు, అయినా రాస్తా. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని హెల్మెట్ తయారుచేయడం, అమ్మడమే నేరం, అయినా రోడ్డు పక్కన అమ్ముతానే ఉన్నారు. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని నంబర్ ఉందా చూడండి. వేసుకోని బెల్టు పెట్టుకోని వెనక నుంచి పైకి లేపి చూడండి, ముందుకు ఊడొస్తే అది మీ సైజు కాదు. నల్ల విజర్ పొద్దున స్టైల్‌గా ఉంటాది, రాత్రికి దాన్ని ఎత్తుకోని పోవాల్సొస్తాది, అప్పుడు తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్లు మొహానికి కొడతాంటే తెలుస్తాది. తెల్ల విజర్ కొనండి, గీతలు పడితే విజర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనపడినా లోపల థర్మాకోల్ నలిగిపోయి ఉంటాది, ఇంక అది పనికిరాదు. వెనక కూర్చునే మనిషికి గూడా చట్టం ఒకటే, ఫైన్ వెయ్యి, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేసే అధికారం ఉంది. మా ఇంట్లో ఆవిడ జడ చెదిరిపోతాదని ఒప్పుకోలేదు చాలా రోజులు, ఇప్పుడు ఆమె హెల్మెట్ ఆమే అడిగి తీసుకుంటాంది.

ఖర్చు సంగతికొస్తే, ఇంతవరకు ఇంజిన్ ఇప్పలేదు. రెండు సెట్లు చైన్ స్ప్రాకెట్లు, టైర్లు, బ్రేకు షూస్, ఒక బ్యాటరీ, హ్యాండిల్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగ్లు), క్లచ్ ప్లేట్లు ఒకసారి, అదీ ఆ రేగడి పుణ్యం. చైన్ మార్చేటప్పుడు రెండు స్ప్రాకెట్లు గూడా కలిపే మార్చండి, పాత పళ్ల మీద కొత్త చైన్ వేస్తే తొందరగా సాగిపోతాది, మిగిలిన డబ్బులు మిగిలినట్టే ఉండవు.

కొనాల్నా అంటే, పల్లెల్లో తిరిగేవాళ్లు, ఒంటరిగా పోయేవాళ్లు, బరువు మొయ్యలేనివాళ్లు కళ్లు మూసుకోని తీసుకోవచ్చు. రోజూ హైవే మీదే ఇద్దరు పోవాల్సినవాళ్లు 125 సీసీలో ముందు డిస్క్ ఉండే బండి చూసుకోండి, లారీల మధ్యలో ఓవర్‌టేక్ చెయ్యాలంటే దీంట్లో ఆ ఊపు రాదు. సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లు ఇంజిన్ శబ్దం వినడానికి ముందు ఆ రబ్బరు మూత పీకి చైన్ చూడండి, అది ఎండిపోయి తుప్పు పట్టి ఉంటే ఓనర్ ఆయిల్ గూడా టైంకు మార్చలేదని అర్థం, రేటు తగ్గించి అడగండి.