కారు కిందికి దించిస్తున్నారా? అలైన్‌మెంట్ కాగితం చేతికి రాకుండా డబ్బులు ఇవ్వకండి

జనవరిలో విజయవాడ ఆటోనగర్‌లో నా స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. బండి 40 మి.మీ. దిగింది. షాపు పేరు రాయను. "అలైన్‌మెంట్ కూడా ఇందులోనే అన్నా" అన్నారు, అంటే చక్రాల కోణాలు సరిచేయడం. కానీ స్టీరింగ్ తిన్నగా పెట్టి ఇచ్చారంతే. హైవే మీద బండి పక్కకి లాగలేదు, అంతా బాగానే ఉందనుకున్నాను.

నాలుగు నెలలు, 6,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మని గుంటూరు తీసుకెళ్తుంటే వారధి దాటాక ముందు టైరులో గాలి దిగిపోయింది. మంగళగిరి దగ్గర పంక్చర్ షాపు కుర్రాడు చక్రం ఊడదీసి, లోపలి అంచు నావైపు తిప్పి, "అన్నా, తీగలు కనపడుతున్నాయి చూడు" అన్నాడు. బయటి సగం కొత్త టైరులా ఉంది. లోపల రెండు వేళ్ల వెడల్పున రబ్బరే లేదు. రెండోదీ అంతే. ఆ టైర్ల మీద, ఆ ఎండలో, అమ్మని కూర్చోబెట్టుకుని వచ్చానా అని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వేరేచోట అలైన్‌మెంట్ కొలిచే త్రీడీ మిషన్ మీద పెట్టిస్తే సంగతి బయటపడింది. బండి దిగితే చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్, రెండింటి వాలూ మారిపోతుంది. చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అది కాంబర్. నాది మైనస్ 2 డిగ్రీల దాకా పోయింది. దానికి తోడు చక్రాల ముందు అంచులు బయటికి తిరిగి ఉన్నాయి, అది టో. టైరుని ఎక్కువ తినేది ఈ టోనే, ఎందుకంటే చక్రం దొర్లుతూనే రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. రెండు వైపులా సమానంగా తప్పితే బండి తిన్నగానే పోతుంది, అందుకే నాకు అనుమానం రాలేదు.

స్విఫ్ట్‌లో ముందు కాంబర్ మార్చడానికి కంపెనీ ఏర్పాటు లేదు. ఆ వాలు సరిచేసే కాంబర్ బోల్టులు విడిగా వేసి మైనస్ 1కి తెచ్చారు, టో దాదాపు సున్నాకి పెట్టారు. రెండు టైర్లూ కొత్తవి కొనాల్సి వచ్చింది. మొదటి షాపుకి వెళ్తే "రోడ్లు బాగోలేదు" అని చేతులు దులుపుకున్నారు.

స్ప్రింగులు వేశాక కొన్ని రోజులు తిప్పి, అవి సర్దుకున్నాకే అలైన్‌మెంట్ చేయించండి. ముందూ తర్వాతా కొలతలున్న ప్రింటు అడగండి. ఇప్పటికే దించినవాళ్లు ఈ రోజే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోపలి అంచు మీద అరచేత్తో అడ్డంగా తడమండి. చెయ్యి ఒకవైపుకి జరిపితే నున్నగా, వెనక్కి జరిపితే రంపంలా తగిలితే టో తప్పినట్టే. దించిన కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు స్టెప్నీతో సహా ఐదు టైర్లూ ఇలాగే చూడండి.