టిష్యూ కల్చర్‌లో అతినీలలోహితం: యూవీ-సి, యూవీ-బి, గామా… ఏది మేలు?

టిష్యూ కల్చర్ అంటే మొక్క ముక్కలనో కణాలనో సీసాల్లో పెంచడం. ఆ పని జరిగే మా ప్రయోగశాల అల్మారాలో రెండు అతినీలలోహిత (యూవీ) ట్యూబులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి పారదర్శకమైన గొట్టం, వెలిగిస్తే లేత నీలంగా కనిపిస్తుంది. రెండోదానికి మామూలు ట్యూబులైటులాగే లోపల తెల్లటి పూత ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థులు రెండింటినీ ‘యూవీ’ అనే అనేవారు. ‘కాలస్‌కు (సీసాలో పెరిగే, రూపం లేని కణాల ముద్దకు) యూవీ పెట్టాను సార్’ అని ఎవరైనా అంటే, ‘ఏ యూవీ?’ అని అడగడం నాకు అలవాటైపోయింది. ఎందుకంటే నేలమీద పెరిగే మొక్కకు మొదటిది ప్రకృతిలో ఎన్నడూ తగలదు, ఓజోన్ పొర దాన్ని పైనే ఆపేస్తుంది. రెండోది మాత్రం రోజూ ఎండలో కాస్తో కూస్తో తగులుతూనే ఉంటుంది. ఒకటి పరాయి వెలుగు, ఒకటి ఎరిగిన వెలుగు. కణం రెండింటితోనూ ఒకేలా ప్రవర్తించదు. కల్చర్ నుంచి మందు పదార్థం రాబట్టాలా, కొత్త రకం కోసం జన్యువులను మార్చాలా అన్నదాన్ని బట్టే ఏది మేలో తేలుతుంది.

ముందు పరాయిదాని సంగతి. పారదర్శకమైన ట్యూబు నుంచి వచ్చేది ప్రధానంగా 254 నానోమీటర్ల యూవీ-సి. డీఎన్‌ఏ అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునేది సుమారు 260 దగ్గర. అంటే ఈ ట్యూబు దాదాపు గురి చూసి కొట్టినట్టే. డీఎన్‌ఏ పోగులో పక్కపక్కన ఉన్న రెండు థైమీన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, నకలు తీసే యంత్రాంగం అక్కడ తడబడుతుంది. 1942లో అమెరికాలోని మిస్సోరీలో స్టాడ్లర్, ఊబర్ మొక్కజొన్న పుప్పొడి మీద వేర్వేరు తరంగదైర్ఘ్యాలు ప్రయోగించి చూశారు. న్యూక్లియిక్ ఆమ్లం ఏ వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుందో, ఆ వెలుగుతోనే ఉత్పరివర్తనాలూ, అంటే జన్యువుల్లో మార్పులూ, ఎక్కువగా వచ్చాయి. జన్యువు ప్రోటీనుతో తయారైందని చాలామంది నమ్ముతున్న రోజులవి. జన్యుపదార్థం డీఎన్‌ఏనే అని ఏవరీ బృందం చూపించింది ఆ తరువాత రెండేళ్ళకు. పుప్పొడి రేణువులు ముందే చెప్పాయి, వినిపించుకున్నవాళ్ళు తక్కువ.

ఇక ఎరిగిన వెలుగు, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-బి. దీన్ని పసిగట్టడానికి మొక్క దగ్గర ప్రత్యేకమైన గ్రాహకమే ఉంది. పేరు యూవీఆర్8, అది పనిచేసే తీరు 2011లో స్పష్టమైంది. మామూలుగా జంటగా ఉండే ఈ ప్రోటీను, తనలోని ట్రిప్టోఫాన్లు యూవీ-బిని పీల్చుకోగానే విడిపోతుంది. విడిపోయిన అణువు వెళ్ళి కాప్1 అనే మరో ప్రోటీనును పట్టుకుంటుంది. దాంతో ఫ్లేవనాయిడ్లు తయారుచేసే జన్యువులు మేలుకుంటాయి. ఎండ ముదురుతోందని గొడుగు విప్పుకోవడం లాంటిదే ఇది. ఆ ఫ్లేవనాయిడ్లే మొక్కకు గొడుగు.

జర్మనీలో ఫ్రైబుర్గ్ పరిశోధకులు 1970లలో ఇదే సంగతిని ద్రవ మాధ్యమంలో పెరిగే పార్స్‌లీ కణాల్లో చూశారు. పార్స్‌లీ మన కొత్తిమీర కుటుంబానిదే. ఆ కణాలకు అతినీలలోహితం తగిలితే ఫ్లేవనాయిడ్లు వస్తాయి. అదే కణాలకు శిలీంధ్రపు గోడ ముక్కలు ఇస్తే ఫ్యూరానోకౌమరిన్లు వస్తాయి. ఎండకు ఒక మందు, తెగులుకు ఇంకో మందు. కణం ఊరికే బెదిరిపోవడం లేదు, వచ్చింది ఎవరో చూసి మరీ జవాబిస్తోంది. బెంగళూరు ఐఐఎస్‌సిలో బిళ్ళగన్నేరు కణాలకు కేవలం ఐదు నిమిషాల యూవీ-బి ఇస్తే కాథరాంథిన్ పెరిగింది. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌కు ముడిసరుకుల్లో అదొకటి.

కాబట్టి కల్చర్ నుంచి రంగో, మందు పదార్థమో రాబట్టాలంటే నా ఓటు యూవీ-బికే. ఒక మినహాయింపు ఉంది. ద్రాక్ష ఆకుల్లో రెస్వెరట్రాల్ లాంటి స్టిల్బీన్లు కావాలంటే యూవీ-సి దెబ్బే బాగా పనిచేస్తుంది. గాయానికీ తెగులుకూ ద్రాక్ష ఇచ్చే జవాబు అదే మరి.

యూవీ-బితో ఒక చిక్కు కూడా ఉంది. ఆ తెల్లపూత ట్యూబు నుంచి కాస్త యూవీ-సి కూడా జారుతుంది. ట్యూబుకూ కల్చర్‌కూ మధ్య సెల్యులోజ్ అసిటేట్ పొర పెడితే దాన్ని వడకట్టవచ్చు. ఆ పొర కూడా శాశ్వతం కాదు, వెలుగు తగిలే కొద్దీ పాడవుతుంది, తరచూ మార్చాలి. ఇది పెట్టకుండా ‘యూవీ-బి ప్రభావం’ అని రాసిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

కొత్త రకాల కోసం ఉత్పరివర్తనాలే కావాలనుకుంటే పోటీ యూవీ-సికీ, రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామా కిరణాలకూ మధ్య. ఇక్కడ తేల్చేది కణజాలం మందం. అతినీలలోహితం పై కణాల వరసల్లోనే ఇంకిపోతుంది. ప్రోటోప్లాస్ట్‌లో (గోడ తీసేసిన కణాలు), పల్చగా పరిచిన కణాలో అయితే సరిపోతుంది. అరటి మొగ్గ లోపలి పెరుగుదల బిందువును మాత్రం అది చేరలేదు. కోబాల్ట్-60 గామా కిరణాలకు మందం అడ్డు కాదు. మలేసియాలో ‘నోవారియా’ అనే త్వరగా గెలవేసే అరటి రకం అలాగే వచ్చింది, గ్రాండ్ నైన్ అనే అరటి రకం మొగ్గలకు గామా ఇచ్చి. అయితే మొగ్గలో ఒకట్రెండు కణాలే మారితే మొక్క కలగాపులగంగా తయారవుతుంది, మారిన భాగం, మారనిది కలిసి. దాన్ని విడదీయడానికి మూడు నాలుగు సార్లు సబ్‌కల్చర్ చేయక, అంటే ముక్కలు చేసి కొత్త మాధ్యమంలోకి మార్చక, తప్పదు. ఒకే కణం నుంచి మొక్కను లేపగలిగితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

యూవీని చిన్నచూపు చూడనక్కరలేదని చైనాలోని షాన్‌డాంగ్ శాస్త్రవేత్తలు చూపించారు. గోధుమకు బంధువైన ఒక గడ్డి ప్రోటోప్లాస్ట్‌లకు యూవీ ఇచ్చి, వాటి క్రోమోజోములను ముక్కలు చేసి, గోధుమ ప్రోటోప్లాస్ట్‌లతో కలిపారు. ఉప్పు నేలను తట్టుకునే షాన్‌రాంగ్-3 గోధుమ అలా పుట్టింది. గామా యంత్రం అక్కరలేకుండా జరిగిన పని ఇది.

నేను చేసిన రెండు తప్పులూ చెప్పుకోవాలి. మొదటిసారి పెట్రీ డిష్‌ల మూత తియ్యకుండానే ఇరవై నిమిషాలు యూవీ-సి పెట్టాను. ఒక్క ముక్కా చావలేదు. ఎంత గట్టి కాలస్ అని మురిసిపోయాను కూడా. ఆ పాలిస్టైరీన్ మూత యూవీ-సిని పూర్తిగా మింగేస్తుందని తరువాత తెలిసింది. రెండోసారి లామినార్ ఫ్లోలో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల) మూత తీసే పెట్టాను, కానీ అయిపోగానే డిష్‌లను తీసుకెళ్ళి వెలుగున్న గదిలో పెట్టాను. మొక్క కణాల్లో ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నీలి వెలుగు దొరికితే అది అతుక్కున్న థైమీన్లను విడదీసేస్తుంది. వెలుతురుతో జరిగే ఈ మరమ్మతును 1949లో ఆల్బర్ట్ కెల్నర్ సూక్ష్మజీవుల్లో గమనించాడు. నేను పొద్దున చేసిన గాయానికి సాయంత్రానికల్లా నా ట్యూబులైట్లే కుట్లు వేసేశాయన్నమాట. యూవీ-సి ఇచ్చాక కనీసం ఒక రోజు చీకట్లో ఉంచాలి. అంతకుముందే వేర్వేరు నిమిషాలు పెట్టి చూసి, సగం కణాలు చచ్చే మోతాదు ఏదో తేల్చుకోవాలి.

లామినార్ ఫ్లోలోని యూవీ ట్యూబు మేలా, 70 శాతం ఆల్కహాలుతో తుడవడం మేలా అని కూడా చాలామంది అడుగుతారు. తుడవడమే. యూవీ నీడలోకి పోదు, సీసా వెనక ఉన్న బూజు విత్తనం హాయిగా ఉంటుంది. ట్యూబు మీద దుమ్ము పేరుకున్నా, వయసు మీరి శక్తి తగ్గినా నీలం వెలుగు మాత్రం అలాగే కనిపించి మోసం చేస్తుంది. కణజాలం లోపల దాగిన బ్యాక్టీరియా సంగతి చెప్పనే అక్కరలేదు. ట్యూబు పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ పనికి కూర్చునే ముందు ఆర్పిందీ లేనిదీ చూసుకోండి. అది కంటికి తగిలినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత, రాత్రి పడుకోబోతుండగా, కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది.