సూది వేయకుండా పంపిన డాక్టరు గారు

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి ఆ దుమ్ములో, జనంలో రోజంతా తిరిగాను. రెండో రోజుకి గొంతు పట్టేసింది. మూడో రోజు పొద్దున్న కాఫీ గుటక కూడా దిగలేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బడి తెరిచేలోపు తగ్గకపోతే ఎలాగని టెన్షన్ పట్టుకుంది. అంబాజీపేటలో బస్సెక్కి అమలాపురంలో గడియార స్తంభానికి కాస్త దూరంలో ఉన్న ఈ చిన్న క్లినిక్‌కి వెళ్లాను.

ముందు పాత సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఇలాగే అయితే, వేరే ఊళ్లో ఒకాయన నోరు తెరిపించి చూడకుండానే వాపు తగ్గించే, కానీ షుగర్ పెంచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాశారు. బిల్లు 870 రూపాయలు. సాయంత్రానికల్లా గొంతు హాయిగా ఉంది, కాదనను. కానీ షుగర్ ఉందా అని ఎవరూ అడగలేదు. నాకు ఉంది. మర్నాడు మీటర్ 310 చూపించింది. వారం రోజులు పరీక్షలు, మళ్లీ డాక్టరు, రెండు సెలవులు. అన్నీ కలిపితే ఆ ఇంజెక్షన్ నాకు రెండు వేలు దాటింది.

ఇక్కడ డాక్టరమ్మ టార్చి వేసి గొంతంతా చూశారు, దవడ కింద తడిమారు, జ్వరం చూశారు, దగ్గు ఉందా అని అడిగారు. షుగర్ మాట మొదటే అడిగారు. "ఇంజెక్షన్ వేస్తే తొందరగా తగ్గుతుందంటారు కదండీ" అన్నాను. ఆవిడ విసుక్కోలేదు. మందుల చీటీ వెనక్కి తిప్పి, పన్నెండు సున్నాలు చుట్టి ఒక్కదాన్ని నింపారు.

"టీచర్ గారూ, ఇంగ్లండ్‌లో గొంతు నొప్పితో వచ్చిన 576 మంది మీద చేసిన ట్రయల్ (మందు పరీక్ష) 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వెంటనే యాంటీబయాటిక్ అక్కర్లేని పెద్దవాళ్లు వాళ్లంతా. సగం మందికి 10 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క డోసు, సగం మందికి మందు లేని ఉత్త బిళ్ల. రెండు రోజులకు పూర్తిగా తగ్గింది మందు వేసుకున్నవాళ్లలో నూటికి 35 మందికి, ఉత్త బిళ్లవాళ్లలో 27 మందికి. ఒక్క రోజుకైతే గట్టిగా చెప్పదగ్గ తేడా లేదు. అంటే పన్నెండు మందికి ఇస్తే అదనంగా బాగుపడేది ఈ ఒక్కరు."

ఆ ట్రయల్‌లోనే పనికి పోని రోజులు కూడా తగ్గలేదట. నాకు అదే ముఖ్యమనిపించింది. డెక్సామెథసోన్ ఖరీదు రూపాయల్లోనే. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది అర మిల్లీగ్రాము బిళ్ల, ఆ లెక్కన 10 అంటే ఇరవై బిళ్లలు. చౌకే. అయినా అది వేసుకున్నా సెలవు పెట్టడం తప్పనప్పుడు, షుగర్ పెరిగే మనిషికి ఆ చౌక దేనికి? పారాసెటమాల్, ఉప్పునీళ్ల పుక్కిలింత రాశారు. ఫీజు 250, మందు 38 రూపాయలు. నోరు తెరవలేకపోయినా, ఊపిరి ఇబ్బందైనా ఆ క్షణమే రమ్మని రెండుసార్లు చెప్పారు.

నా తర్వాత లోపలికి వెళ్లినాయన కొబ్బరి దింపు కార్మికుడు. నీళ్లు మింగితే కళ్లనీళ్లు తిరుగుతున్నాయి. "రేపు చెట్టెక్కాలండీ, సూది వేసెయ్యండి" అని బతిమాలుతున్నాడు. గొంతులో చీముగడ్డ లేదని చూసి, షుగర్, బీపీ చూసి, ఆయనకు మాత్రం స్టెరాయిడ్ ఒక్క డోసు ఎదురుగానే మింగించారు. "నొప్పి తగ్గొచ్చు, జ్వరం పోయిందని కాదు. రేపు చెట్టెక్కకు నాన్నా" అన్నారు. "ఆయ్" అన్నాడు కానీ మొహంలో కూలి పోతుందన్న బెంగే కనిపించింది. ఆ కూలి ఏ మందుతోనూ రాదు. మందు వేసినా రేపు పనికి వెళ్లొద్దని దాచకుండా చెప్పినందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

లోటుపాట్లు లేవని కాదు. గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను. నాలుగే కుర్చీలు, ముసలివాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. టోకెన్లు ఇస్తే ఎంతో మేలు. ఫీజు బోర్డు మీద రాసి పెట్టాలి.

నాలుగో రోజుకి చారన్నం, ఆరో రోజుకి మామూలు అన్నం తిన్నాను. బడికి ఒక రోజు ఆలస్యంగా వెళ్లాను. షుగర్ 140 దాటలేదు. వెళ్లేవాళ్లు పాత చీటీలు, వాడే మందుల పేర్లు పట్టుకెళ్లండి, ఆవిడ ప్రతిదీ చదువుతారు. సాయంత్రం ఏడు దాటాక రద్దీ కాస్త తక్కువ.